కాఫీ హోటలులో నేర్చిన లెక్కలు

(గ్రామపంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠము)



నాకు ముందు మాట్లాడిన అధికారులు చట్టములోని నిబంధనలను, మీరు ఉంచవలసిన రిజిష్టర్లను గూర్చి చక్కగా వివరించిరి. నన్ను గ్రామస్థుల ఆర్థిక జీవనమును గూర్చి ప్రసంగింపుమని కోరినారు. నేను అర్థశాస్త్రము చదివినవాడను కాను. 32 సంవత్సరములు ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు ఎక్కములు చెప్పి 2011లో పదవీ విరమణ చేసితిని. తరువాత ఒక పర్యాయము మా వార్డునకు సభ్యుడుగా పనిచేసితిని. డబ్బును గూర్చి నాకు తెలిసిన నాలుగు మాటలును పుస్తకములలో దొరికినవి కావు, మా ఊరి కాఫీ హోటలులో దొరికినవి. కావున ఆ హోటలును గూర్చియే చెప్పెదను. సభా మర్యాదకు ఇది తగునా యని ఎవరైన సందేహించినచో, మన ఊళ్ళలో గ్రామసభకు వచ్చువారికంటె కాఫీ హోటలునకు వచ్చువారే ఎక్కువ యని మనవి చేయుచున్నాను.

మాది కృష్ణా డెల్టాలో కాలువగట్టుమీది గ్రామము. వంతెన ప్రక్కన ఒక పెంకుటిల్లు, ముందు తాటాకు పందిరి, పందిరిక్రింద రెండు బల్లలు, ఒక బాయిలరు. ఇంతియే మా హోటలు. గోడపై "నేడు నగదు – రేపు అరువు" అని వ్రాసిన అట్టముక్క వ్రేలాడుచుండును. ఆ అట్టక్రిందనే మేకునకు అరువు పద్దుల పుస్తకము కూడ వ్రేలాడుచుండును. ఈ రెండింటిని ప్రక్కప్రక్కనే ఉంచినందుకు హోటలు యజమానిని మేము నిత్యము పరిహసించుచుందుము. ఆయన నవ్వి ఊరకుండును.

ఉదయము 6 గంటలకు అచట నలుగురము చేరుచుంటిమి. నేనొకడను. రెండవవాడు ఒక కౌలు రైతు. మూడవవారు కిరాణా వర్తకుడు. వయస్సున అందరికంటె పెద్ద, మేమందరము బాబాయ్ అని పిలుచుచుంటిమి. నాలుగవవాడు మా ఊరి పోస్టుమాన్. పేర్లు చెప్పుట వారికి ఇష్టము కాదు, కావున వృత్తులతోనే చెప్పెదను.

2017వ సంవత్సరము వేసవిలో ఒకనాడు పట్టణమునుండి బంధువుల ఇంటికి వచ్చిన ఒక యువకుడు మా బల్లపై కూర్చుండెను. చదువుకొన్నవాడు, మంచివాడు. మేము ఇచ్చు డబ్బును చూచి, "ఒక కాఫీ పది రూపాయలు. రోజుకు రెండు. సంవత్సరానికి 7,300 రూపాయలు ఇక్కడే పోస్తున్నారు. ఇది మానేసి దాచుకుంటే పదేళ్ళలో ఎంత అవుతుందో తెలుసా?" అని అడిగెను. పొదుపును గూర్చి ఉపన్యసించువారందరును ఈ కాఫీ లెక్కతోనే ప్రారంభించుట నేను చాలకాలముగా గమనించుచున్నాను. లెక్కలో తప్పులేదు. కాని ఆ లెక్క చెప్పువారు సాధారణముగా దాని ప్రక్కన వేయవలసిన రెండవ లెక్కను వేయరు.

దానిని మా బాబాయి వేసెను. "నాయనా, మన ఊళ్ళో అప్పుకు రివాజు వడ్డీ నూటికి రెండు రూపాయలు. లక్ష రూపాయలకు నెలకు ఎంత?" అనెను. "రెండు వేలు" అనెను యువకుడు. "సంవత్సరానికి?" "ఇరవై నాలుగు వేలు." "అయితే కాఫీ మానినవాడు మిగిల్చేదానికి మూడు రెట్ల పైన, అప్పు చేసినవాడు కట్టుకుంటున్నాడు. ముందు ఏ చిల్లి పూడ్చాలో నువ్వే చెప్పు."

యువకుడు నవ్వెను, మేమును నవ్వితిమి. నవ్వనివాడు ఒక్కడే, మా కౌలు రైతు. అతని గ్లాసులోని కాఫీ మీగడ కట్టినది. కొంతసేపటికి అతడు, "అదేమిటి బాబాయ్, బ్యాంకులో వడ్డీ ఏడు అంటారు, ఇక్కడ రెండే గదా, ఇదే చవక కాదా?" అనెను.

సోదరులారా, ఈ ప్రశ్నను మీరు తేలికగా తీసికొనవలదు. ఊరి వడ్డీ నెలకు లెక్క, బ్యాంకు వడ్డీ సాలుకు లెక్క. "రెండు" అను మాట "ఏడు" అను మాటకంటె చిన్నదిగా వినబడును. నెలకు నూటికి 2 రూపాయలనగా సాలుకు నూటికి 24 రూపాయలు. 3 రూపాయలనగా 36. ఈ ఒక్క సంగతి తెలియక అప్పు చేసినవారిని నేనెందరినో ఎరుగుదును. వారిలో నా వద్ద చదువుకొన్నవారును కలరు. అందుచే ఆ తప్పులో నాకును వాటా ఉన్నది. ఎక్కములు చెప్పితిని గాని నెలను సాలుగా మార్చి చూపలేదు.

మరునాడు కౌలు రైతు కొంచెము ముందుగానే వచ్చి, చొక్కా జేబులోనుండి మడత పెట్టిన కాగితము నొకటి తీసి నా చేతికిచ్చెను. అది ఒక ప్రామిసరీ నోటు నకలు. అతడు 2008 జూన్ నెలలో ప్రక్క ఊరి ఆసామి వద్ద లక్ష రూపాయలు తీసికొనెను. వడ్డీ నూటికి 2 రూపాయలు. మూడు సంవత్సరములు నిండునప్పటికి ఋణదాత, "గడువు దాటిపోతుంది, తిరగ వ్రాయి" అనెను. 2011లో తిరిగి వ్రాసిరి. 2014లో మరల వ్రాసిరి. 2017 జూన్‌లో మూడవసారి వ్రాయవలసియున్నది. ఆ గడువు అప్పటికి సరిగా నెల రోజులున్నది.

"అప్పు ఎంత?" అని అడిగితిని. "లక్షే గదా మాస్టారూ, కాస్త వడ్డీ పేరింది" అనెను.

హోటలు యజమాని పాత క్యాలెండరు కాగితమును చించి ఇచ్చెను. దాని వెనుక లెక్క వేసితిమి. మీరును వ్రాసికొనుడు. లక్షకు మూడు సంవత్సరముల వడ్డీ 72,000. 2011లో వ్రాసిన నోటు ఒక లక్ష 72 వేలకు. ఇపుడు వడ్డీ లక్షపై కాదు, ఈ మొత్తముపై నడచును. మరల మూడు సంవత్సరములకు 1,23,840 రూపాయలు చేరి, 2014 నాటి నోటు 2,95,840 రూపాయలకు వ్రాయబడినది. అదే ప్రకారము 2017లో తిరిగి వ్రాసినచో 5,08,844 రూపాయల 80 పైసలు. అసలు నోటును తిరుగ వ్రాయక బారువడ్డీయే లెక్కించినచో 9 సంవత్సరములకు అసలు వడ్డీ కలిసి 3,16,000 మాత్రమే. అనగా ఒక లక్షా 92 వేల పైచిలుకు రూపాయలు పంట నష్టమువలన పుట్టినవి కావు, పెండ్లి ఖర్చువలన పుట్టినవి కావు. మూడు సంతకములవలన పుట్టినవి. నోటుపై బారువడ్డీ అని వ్రాసియుండియు, తిరిగి వ్రాసిన ప్రతిసారియు అది చక్రవడ్డీ యగుచున్నది.

ఆ కాగితమును చూచి మా మిత్రుడు చాలసేపు మాటలాడలేదు.

ఇచట చట్టమును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. ప్రామిసరీ నోటుపై దావా వేయుటకు 1963 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము గడువు మూడు సంవత్సరములు. ఋణదాత తన గడువును కాపాడుకొన గోరుట న్యాయమే. కాని అందులకై వడ్డీని అసలులో కలిపి క్రొత్త నోటు వ్రాయవలెనని ఏ చట్టమును చెప్పుట లేదు. గడువులోపల బాకీదారు కొంత సొమ్ము చెల్లించి నోటు వెనుక చెల్లు వ్రాసి సంతకము చేసినను, లేక బాకీ ఉన్నదని వ్రాతమూలముగా ఒప్పుకొని సంతకము చేసినను, ఆ తేదీనుండి గడువు క్రొత్తగా ప్రారంభమగును. ఋణదాతకు రక్షణ కలుగును, బాకీదారునకు వడ్డీపై వడ్డీ పడదు. ఈ సంగతి మన గ్రామములలో నోటు వ్రాయువారికి తెలియును. వ్రాయించుకొనువారికి తెలియును. సంతకము పెట్టువారికి మాత్రము తెలియదు.

చెల్లు అనగానే మరియొక విషయము బయటపడినది. మా మిత్రుడు 2012 సంక్రాంతికి 20,000, మరుసటి సంవత్సరము 15,000 ఋణదాతకు చేతికిచ్చియుండెను. చెల్లు వ్రాయించుకొనలేదు. "మొగమాటం మాస్టారూ" అనెను.

ఆ ఆదివారము మేము నలుగురమును అతని భార్యను వెంటబెట్టుకొని ప్రక్క ఊరికి వెళ్ళితిమి. ఆమెను తీసికొనిపోవుటకు అతడు మొదట ఒప్పుకొనలేదు. నోటు సంగతి ఆమెకు లక్ష అని మాత్రమే తెలియును. ఋణదాత వాకిట నిలబడి ఆమె అడిగిన మాట నాకిప్పటికిని చెవిలో ఉన్నది. "మా సంఘంలో పది రూపాయలు కట్టినా పుస్తకంలో వేస్తారు. మీరు ముప్పై అయిదు వేలు ఇచ్చి కాగితం అడగలేదా?" ఆమె అడిగినది భర్తను. సిగ్గుపడినవారము మేమందరము.

ఋణదాత దుర్మార్గుడని మీరు భావింపవలదు. అతడును రైతే. పొలము అమ్మిన సొమ్మును వడ్డీకిచ్చి బ్రతుకుచున్నవాడు. మా క్యాలెండరు కాగితమును తీసికొని రెండుమారులు చదివెను. తరువాత లోపలికిపోయి తన చిన్న పుస్తకమును తెచ్చెను. ఆ 20,000, ఆ 15,000 రెండును అందులో తేదీలతో వ్రాసియుండెను! నోటు వెనుక లేనిది అతని పుస్తకములో ఉన్నది. అతడు దానిని దాచలేదు. అడిగినవారు లేక చెప్పలేదు. బారువడ్డీ మొత్తములో ఆ 35,000 తీసివేసినచో 2,81,000. గంటసేపు మాటలాడిన పిమ్మట రెండున్నర లక్షలకు చెల్లు పూర్తిగా వ్రాసి నోటు తిరిగి ఇచ్చుటకు అంగీకరించెను. బాబాయి అతనిచేత మా యెదుటనే ఆ మాట కాగితముపై వ్రాయించెను.

సొమ్ము ఎచటనుండి వచ్చినదన, ఆమె గొలుసును బ్యాంకులో కుదువబెట్టగా 1,20,000, చీటీ పాడుకొనగా 80,000, ఆమె స్వయంసహాయక సంఘమునుండి 50,000. ఇవియు అప్పులే. కాని బ్యాంకు వడ్డీ నెలకు నూటికి రూపాయికి లోపు. రెండు సంవత్సరములలో గొలుసు ఇంటికి వచ్చినది. చీటీల మాట వచ్చినది గనుక ఒకటి చెప్పెదను: 1982 నాటి చీటీల చట్టము ప్రకారము చీటీ నడపుటకు ముందుగా అనుమతి పొంది రిజిష్టరు చేయించవలెను. రిజిష్టరు కాని చీటీ మునిగినచో సొమ్ము రాబట్టుకొనుట కష్టమగును.

అతడు బ్యాంకునకు ముందే ఎందుకు పోలేదని మీరు అడుగవచ్చును. పోయెను. పొలము తన పేర లేదు గనుక వట్టిచేతులతో తిరిగి వచ్చెను. కిసాన్ క్రెడిట్ కార్డు పద్ధతి 1998లో వచ్చినది. సకాలమున చెల్లించు రైతునకు 3 లక్షల వరకు పంట ఋణముపై సాలుకు నూటికి 4 రూపాయలే పడును. లక్షకు 4,000. ఊరి అప్పునకు 24,000. ఈ తేడా సేద్యములో నేర్పువలన వచ్చినది కాదు, ఒక కాగితమువలన వచ్చినది. కౌలుదారులకై 2011లో ఋణ అర్హత కార్డుల చట్టమును, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టమును చేసిరి. 2019 చట్టము ప్రకారము కార్డు పొందుటకు భూయజమాని సంతకము కావలసి వచ్చినది. "సంతకము పెట్టినచో భూమి పోవును" అను భయము యజమానులకు కలదు. ఆ చట్టము కౌలుదారునకు పంటపై హక్కునిచ్చినదే గాని భూమిపై ఇవ్వలేదు. ఈ మాటను యజమానికి నచ్చజెప్పుట అధికారి నోటితో కాదు, వార్డు సభ్యుని నోటితో సాధ్యమగును. మీ వార్డులో కౌలుదారు లెందరో, వారిలో కార్డు గలవారెందరో ఇపుడు నన్నడిగినట్లు మిమ్ముల నడిగినచో చెప్పగలరా?

ఇది క్రొత్త వ్యాధి కాదు. రిజర్వు బ్యాంకు 1951–52లో దేశమంతట గ్రామీణ ఋణములను గూర్చి విచారణ జరిపించి, 1954లో నివేదిక ప్రకటించినది. ఆనాడు రైతు చేయు అప్పులో సహకార సంఘములు ఇచ్చినది నూటికి 3 పాళ్ళు, వడ్డీ వ్యాపారులు ఇచ్చినది దాదాపు 70 పాళ్ళు. నాటికి నేటికి ఎంతో మారినది. అయినను కాగితము లేనివాడు ఇప్పటికిని ఆ 70 పాళ్ళవారి గుమ్మమునకే పోవుచున్నాడు.

ఇక మా మిత్ర బృందములో ఐదవవాని సంగతి. ఆరంభమున నలుగురమని చెప్పితిని; పూర్వము ఐదుగురము. ఐదవవాడు సొంత భూమి గల రైతు. ఎనిమిది సంవత్సరములు మాతో కూర్చుండి కాఫీ త్రాగెను. ఇంటి సంగతి యడిగినచో వానలను గూర్చి మాట్లాడెడివాడు. మా అందరి కాఫీకి డబ్బు ఇచ్చుటకు ముందుగా జేబులో చేయి పెట్టువాడు అతడే. 2004లో ఒక తెల్లవారుజామున ఇంటికి తాళము వేసి, భార్యాబిడ్డలతో ఊరు విడిచి పోయెను. తరువాత ఐదుగురు ఋణదాతలు ఆ తాళమును చూచి పోయిరి. మొత్తము అప్పు ఆయన పొలము విలువలో సగమునకు మించలేదని బాబాయి లెక్కకట్టెను. ఒక ఎకరము అమ్మి తక్కినది నిలుపుకొని ఉండవచ్చును. ఆ మాట చెప్పుటకు మేము నలుగురము ప్రతి ఉదయము చేతికందు దూరముననే ఉంటిమి. అతడు చెప్పలేదు, మేము అడుగలేదు. అప్పు రోగమువంటిదని పెద్దలందురు గాని, రోగమునైన చూపుకొందురు, అప్పును చూపరు. కౌలు రైతు ఆ కాగితమును నా చేతిలో పెట్టిననాడు ఆ తాళమే నా కన్నులయెదుట నిలిచినది.

నా సంగతియు చెప్పవలెను గదా. ఉద్యోగములో నున్న రోజులలో తోటి ఉపాధ్యాయు డొకడు ఒక సంఘములో అప్పు తీసికొనుచు జామీను సంతకము కోరెను. "మాటవరసకే మాస్టారూ" అనెను. సంతకము చేసితిని. అతడు చెల్లింపలేదు. నా జీతమునుండి నెలకు 700 చొప్పున 26 నెలలు విరిచిరి. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము, వేరుగా వ్రాసికొన్నచో తప్ప, జామీనుదారుని బాధ్యత అప్పు తీసికొన్నవాని బాధ్యతతో సమానము. ముందు అతనిని అడిగి తరువాతనే నన్నడుగవలెనను నియమము లేదు. చెల్లించినవాడు ఆ సొమ్మును అసలు బాకీదారునుండి రాబట్టుకొనవచ్చునని కూడ అదే చట్టము చెప్పుచున్నది. నేను రాబట్టలేదు. అతడిప్పటికిని పండుగనాడు నమస్కారము చేయును.

ఒకని నష్టము మరొకని నెత్తిన పడుట జామీను. ఒకని నష్టమును వేలమంది తలకొక పైసగా పంచుకొనుట భీమా. ఈ రెండవది కూడ కాఫీ బల్లమీద పెరిగినదే. 17వ శతాబ్ది చివర లండను నగరములో ఎడ్వర్డ్ లాయిడ్ అనునాతని కాఫీ హోటలులో ఓడల యజమానులు, వర్తకులు చేరి ఏ ఓడ ఎచటనున్నదో చెప్పుకొనుచు, మునిగిన ఓడల నష్టమును పంచుకొను ఒప్పందములు చేసికొనుచుండిరి. ఓడల భీమాలో లోకప్రసిద్ధమైన లాయిడ్స్ అను సంస్థ ఆ హోటలునుండి పుట్టినదే. మా హోటలులో అంత గొప్పది పుట్టలేదు గాని, పోస్టుమాన్ పట్టుబట్టి మా అందరిచే ప్రమాద భీమా కట్టించెను. ప్రధానమంత్రి సురక్షా పథకములో సాలుకు 20 రూపాయలు, రెండు కాఫీల ఖరీదైనను కాదు. ప్రమాదమరణమునకు కుటుంబమునకు 2 లక్షలు. జీవన జ్యోతి పథకములో 436 రూపాయలకు, ఏ కారణమున మరణించినను 2 లక్షలు. మొదటిదానికి 70, రెండవదానికి 50 సంవత్సరములు చేరుటకు వయఃపరిమితి గనుక నన్ను రెండవదానిలో చేర్చుకొనలేదు. సొమ్ము ఖాతానుండి మే నెలాఖరున విరుగును. ఆనాడు ఖాతాలో డబ్బు లేక పథకము ఆగిపోయినవారు చాలమంది ఉందురు. ఆ నెలలో మీ వార్డువారికి జ్ఞాపకము చేయుడు.

ఈ సభలో సగమునకు పైగా సోదరీమణులున్నారు. ఇంతసేపును నేను పురుషులు కూర్చుండు చోటును గూర్చియే మాట్లాడుచున్నానని వారనుకొనుచుందురు. నిజమే. మన కాఫీ హోటళ్ళ బల్లలపై స్త్రీలకు ఇంకను చోటు లేదు. కాని స్త్రీలు కూడి కూర్చుండి డబ్బు లెక్క వేసికొన్ననాడు ఏమి జరిగినదో నెల్లూరు జిల్లా దూబగుంట చెప్పును. 1990 దశకము ఆరంభమున అచట సాక్షరతా తరగతులలో రాత్రివేళ స్త్రీలు చేరి అక్షరములు నేర్చుకొనుచు, తమ ఇంటి రాబడిలో ఎంత భాగము సారాకు పోవుచున్నదో చర్చించుకొనిరి. 1992లో సారా దుకాణమును మూయించిరి. అది జిల్లా యంతట, పిదప రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధము వచ్చినది. అంతటితో వారు ఆగలేదు. మిగిలిన డబ్బులో రోజుకు రూపాయి చొప్పున దాచుకొను పొదుపులక్ష్మి సంఘములు ఆ జిల్లాలోనే పెరిగినవి. మా మిత్రుని భార్య చెప్పిన ఆ పది రూపాయల పుస్తకము ఆ మార్గమున వచ్చినదే. పురుషులము మేము ముప్పది సంవత్సరములు కాఫీ త్రాగి నేర్చినదానిని వారు పలకపై నేర్చిరి. పైగా వ్రాసి ఉంచిరి. మా లెక్క క్యాలెండరు కాగితముతో పోయినది.

ఇపుడు పంచాయతీ సంగతి. నేను సభ్యుడనుగా నున్న రోజులలో 14వ ఆర్థిక సంఘము నిధులు పంచాయతీలకు నేరుగా వచ్చుచుండెను. "లక్షలు వచ్చాయట, ఏమయ్యాయో" అను మాట ప్రతి ఉదయము మా బల్లపై పుట్టెడిది. నేను అచటనే కూర్చుండినను నన్ను అడుగరు. నా వీపు వెనుక అందురు. 15వ ఆర్థిక సంఘము 2021–26 కాలమునకు ఇచ్చిన నిధులలో నూటికి 60 పాళ్ళు త్రాగునీటికి, పారిశుద్ధ్యమునకు మాత్రమే ఖర్చు చేయవలెనని నియమించినది. ఈ సంగతి తెలియనివాడు, "డబ్బుండి రోడ్డు ఎందుకు వేయలేదు?" అని అడుగును. తెలియజెప్పని తప్పు మనది. వీధిదీపముల కరెంటు బకాయి, మంచినీటి మోటారు బకాయి ఏటేట పేరుకొనుచుండును. అదియు తిరుగవ్రాసిన నోటువంటిదే. చూడకున్నచో తరుగదు.

2016లో నేనొక పని చేసితిని. పంచాయతీ కార్యదర్శిని అడిగి ఆ నెల జమాఖర్చులను, ఇంటిపన్ను డిమాండు జాబితాను పెద్ద అక్షరములతో వ్రాయించి, హోటలు గోడపై "నేడు నగదు – రేపు అరువు" అట్ట ప్రక్కన అంటించితిని. కార్యదర్శికి ఇష్టము లేదు. "గొడవలు వస్తాయి సార్" అనెను. మొదటి రెండు రోజులు ఎవరును చదువలేదు. మూడవనాడు పోస్టుమాన్ కాఫీ గ్లాసు చేతబట్టుకొని జాబితాను మొదటినుండి తుదివరకు చదివెను. ఊరిలో ప్రతి ఇల్లును ఎరిగినవాడు గదా! మేడలై పన్ను లెక్కలో పూరిపాకలుగానే ఉన్నవి 11 ఇండ్లను చూపెను. తరువాత నా వైపు తిరిగి, "మాస్టారూ, తమరు పైన గది వేసి నాలుగేళ్ళయింది. ఇందులో కనబడదేం?" అని బల్లపై నున్నవారందరు వినునట్లు అడిగెను.

నాకు నిజముగా తట్టలేదు. తట్టలేదనిన నమ్మువారెవరు? ఆ మధ్యాహ్నమే పంచాయతీ ఆఫీసునకు పోయి గదిని కొలిపించి, నాలుగు సంవత్సరముల బకాయి 1,260 రూపాయలు కట్టితిని. రశీదును తెచ్చి జాబితా ప్రక్కననే గోడకు అంటించితిని. వారము తిరుగకముందే తక్కిన 11 ఇండ్లలో 7 ఇండ్లవారు తమంత తామే పోయి కొలతలు ఇచ్చి వచ్చిరి. ఆనాడు బల్లపై నున్నవారందరి కాఫీకిని నేనే డబ్బు ఇయ్యవలసి వచ్చినది. జేబులో చాలక, హోటలు యజమాని ఆ సొమ్మును అరువు పుస్తకములో నా పేర వ్రాసికొనెను.